చీనా వాక్యము, జోడ్‌భావి పేట్ తెలుగు: వ్యాకరణమునకు కొలబద్ద యేది?

సోలాపుర నగరమున నేతపనివారు వసించు వాడలలో జోడ్‌భావి పేట్ యొకటి. మగ్గమును నమ్ముకొని తెలంగాణపు పల్లెలనుండి తరతరములుగా వలసవచ్చిన పద్మశాలి కుటుంబములకు ఇచ్చట తెలుగు ఇంటిభాష. మరాఠీ కచేరికిని, అంగడికిని భాష. కన్నడము, ఉర్దూ ఇరుగుపొరుగువారి భాషలు. 1877లో తొలి నూలుమిల్లు వెలసిన యీ నగరము చద్దరు నేతకు దేశమంతట పేరెక్కినది. ఆ చద్దరును నేసినవారి తెలుగునకు మాత్రము అట్టి మన్నన దక్కలేదు. ఆంధ్రదేశమునుండి వచ్చిన చదువరి దానిని విన్నంతనే “ఇది మరాఠీ కలిసిన తెలుగు, దీనికి వ్యాకరణము లేదు” అని తేల్చివేయుట కద్దు. అట్టి తీర్పునకు ఇంటివారే తలయొగ్గి, తమ బిడ్డల యెదుట తమ మాటను తామే తక్కువ చేసికొనుటయు కద్దు.

ఇంచుమించు ఈ నిందయే చీనా భాషపైనను చిరకాలము మోపబడినది. అది సామాన్యుల నోటిమాటగా కాక పండితుల సిద్ధాంతముగా వ్యాపించినది. ఆ నింద ఎట్లు పుట్టినది, ఎట్లు వీగిపోయినది యని పరిశీలించినచో, నేతవాడలోని తెలుగును తూచుటకు తగిన త్రాసు దొరకును. చీనా భాష సినో-టిబెటన్ కుటుంబమునకును, తెలుగు ద్రావిడ కుటుంబమునకును చెందినవి. కావున ఇచ్చట చూపబడు పోలికలు చుట్టరికమునకు సాక్ష్యములు కావు. రెండు భాషలయందును వాక్యము ఏ సాధనములచే నిలుచుచున్నదో చూపుటయే వాని ప్రయోజనము.

ముందుగా నిందను వినవలెను. చీనా నామమునకు విభక్తి ప్రత్యయము లేదు, లింగము లేదు. క్రియకు పురుష లేదు, కాలమును బట్టి మారు రూపము లేదు. పలుకునప్పుడు ‘తా’ యను నొక్క మాటకే అతడు, ఆమె, అది యను మూడర్థములును గలవు. తెలుగు లిపిలో నిట్లు వ్రాయబడు రూపములు ఉచ్చారణకు సమీపములు మాత్రమే. ఏలయన, చీనా మాటలో స్వరమును అర్థమును నిర్ణయించును. ‘మాయ్’ అను మాటను స్వరము దించి యెత్తి పలికినచో కొనుట, పైనుండి క్రిందికి విసరి పలికినచో అమ్ముట. బేరమునకు రెండు కొనలైన క్రియలకు నడుమ స్వరభేద మొక్కటియే అడ్డుగోడ.

లాటిన్ వ్యాకరణమున ఆరితేరిన యైరోపా పండితులకు ఇది వింతగా తోచినది. స్పెయిను దేశపు మతగురువు ఫ్రాన్సిస్కో వారో రచించిన చీనా వ్యాకరణము 1703లో కాంటన్ నగరమున అచ్చయినది. లాటిన్ విభక్తుల చట్రములో చీనా మాటలను కూర్చుటకు అందు ప్రయత్నము జరిగినది. అట్టి చట్రములో ప్రతి గదియందును ఒకే రూపము కనబడునప్పుడు, ‘ఈ భాషకు విభక్తులు లేవు’ అను మాటనుండి ‘దీనికి వ్యాకరణమే లేదు’ అను మాటకు ఒక్క అడుగే దూరము. 19వ శతాబ్దమున ష్లైకర్ మొదలైనవారు లోకభాషలను మూడు మెట్లపై నిలిపిరి. మాటలు విడివిడిగా నిలుచు చీనా క్రింది మెట్టు. ప్రత్యయములను ఒకదానిపై నొకటి చేర్చు భాషలు నడిమి మెట్టు. ప్రకృతి ప్రత్యయములు కరగి యొకటియగు సంస్కృత, లాటిన్ భాషలు పై మెట్టు. ఈ నిచ్చెనపై తెలుగు నడిమి మెట్టున నిలుచును. చీనాను చూచి నవ్వు తెలుగువాడు తనను చూచి నవ్వుటకు పై మెట్టున మఱియొకడు గలడని యెఱుగవలెను.

ఆ కాలముననే సరియైన చూపు గలవారును లేకపోలేదు. పారిస్ నగరమున చీనా భాషను బోధించిన ఆబెల్-రెమ్యూజా 1822లో ఆ భాషకు వ్యాకరణము ప్రకటించెను. ఆయనకు జర్మను పండితుడు హుంబోల్టు వ్రాసిన దీర్ఘలేఖ 1827లో వెలువడినది. ఇతర భాషలు ప్రత్యయములచే చెప్పుదానిని చీనా భాష మాటల వరుసకును, వినువాని బుద్ధికిని విడిచిపెట్టుననియు, అందు ఒకానొక ప్రత్యేకమైన శక్తి గలదనియు ఆయన గ్రహించెను. అయినను ప్రత్యయ సంపన్నములైన భాషలే ఉత్తమములను తలంపును ఆయన పూర్తిగా విడువలేకపోయెను.

ఒక భాషకు వ్యాకరణము గలదా లేదా యని తెలిసికొనుటకు పుస్తకముతో పనిలేని పరీక్ష యొకటి గలదు. ఆ భాష మాటాడువారు ఏ వాక్యమును తిరస్కరింతురో చూడవలెను. తప్పు అనునది యున్నచోట నియమ మున్నదన్నమాటయే. చీనాలో బట్టకు ‘బు’ అనియు, మూటికి ‘సాన్’ అనియు పేర్లు. ‘సాన్ బు’ అన్నచో మూడు తానుల బట్ట యని యర్థము రాదు, వినువాడు ఒప్పుకొనడు. నడుమ ‘పీ’ యను మాట చేర్చి ‘సాన్ పీ బు’ అనవలెను. బట్ట తానులకు ‘పీ’, పొడుగుగా నుండు తువ్వాలకు, చద్దరుకు ‘త్యావ్’, మనుష్యులకు ‘గ’. సంఖ్యకును వస్తువునకును నడుమ తగిన గణకపదము రావలెననుట అందు విడువరాని నియమము. తెలుగునను ఇట్టి తిరస్కారమే వేఱొక చోట గలదు. మూడు మగ్గములు అనవచ్చును గాని మూడు నేతగాండ్రు అనినచో చెవికి సోకదు. ముగ్గురు నేతగాండ్రు అనవలెను. లాటిన్ చట్రములో ‘పీ’కిని, ‘త్యావ్’కును గది లేదు. గది లేకపోవుట చట్రపు లోపము.

వరుస విషయమునను ఇట్లే. ‘వో’ అనగా నేను. ‘కాన్’ అనగా చూచుట. ‘వో కాన్ తా’ అన్నచో నేనతనిని చూతును. ‘తా కాన్ వో’ అన్నచో అతడు నన్ను చూచును. తెలుగున ‘ను’ ప్రత్యయముండుటచే మాటలను తారుమారు చేసినను కర్మ కర్మగనే నిలుచును. కాని తెలుగు వాక్యము సర్వత్ర ప్రత్యయముపైననే ఆధారపడుచున్నదా? జడములకు ద్వితీయకు బదులు ప్రథమ వచ్చుట చిన్నయసూరియు గుర్తించిన విషయమే. “నేతగాడు చద్దరు నేసెను” అను వాక్యమున నేతగానికి ప్రత్యయము లేదు, చద్దరుకును లేదు. ఎవడు నేసెను, ఏది నేయబడెను అను సందేహము ఎవ్వరికిని కలుగదు. లోకజ్ఞానమును, మాటల పొందికయు ఆ పని చేయుచున్నవి. చీనా వాక్యము ఈ సాధనములనే మిక్కిలి విరివిగా వాడుకొనినది.

కాలమును గూర్చిన ఆక్షేపణము మఱింత బలహీనము. చీనా క్రియ కాలమును బట్టి మారదనుట నిజమే. అయినను పని ముగిసినదా, ఎన్నడైన అనుభవమునకు వచ్చినదా, సాగుచున్నదా యను భేదములను ‘ల’, ‘గువో’, ‘జ’ యను నిపాతములు క్రియ వెంట నిలిచి తెలుపును. ‘మాయ్ ల’ అన్నచో కొనుట ముగిసినది. ‘మాయ్ గువో’ అన్నచో ఎప్పుడో యొకప్పుడు కొనిన యనుభవ మున్నది. తెలుగున “అతడు చద్దర్లు నేయును” అన్నచో అది అతని నిత్యవృత్తియా, రేపటి పనియా? రూపమొక్కటియే, సందర్భము తీర్పు చెప్పును. దీనిని బట్టి తెలుగువానికి రేపటి యూహ లేదని యెవ్వరును అనరు.

లింగమును గూర్చి సోలాపురవాసికి దృష్టాంతము ఇంటి ముంగిటనే గలదు. మరాఠీలో పురుషుడు వచ్చినచో ‘ఆలా’, స్త్రీ వచ్చినచో ‘ఆలీ’, నపుంసకమైనచో ‘ఆలే’. తెలుగున ఏకవచనమున ‘ఆమె వచ్చినది’, ‘బండి వచ్చినది’ అని స్త్రీకిని బండికిని ఒక్కటే క్రియారూపము. మరాఠీ కొలబద్దతో కొలిచినచో తెలుగు ఒక లింగమును పోగొట్టుకొన్న భాష. తెలుగు కొలబద్దతో కొలిచినచో మహదమహద్భేదమును ఎఱుగనిది మరాఠీయే. కొలబద్దను బట్టి లోపము చోటు మారుచున్నది.

తెలుగునకును చీనాకును ఎదురుచూడని పొందికలును గలవు. చీనా వాక్యమున క్రియ తరువాత కర్మ వచ్చును. అట్టి వరుస గల భాషలు సాధారణముగా విశేషణ వాక్యమును నామమునకు తరువాత నిలుపును. చీనా మాత్రము దానిని ముందే నిలుపును. ‘వో మాయ్ ద బు’ అనగా మాటకు మాటగా ‘నేను కొన్న బట్ట’. ‘కొన్న’ యను ధాతుజ విశేషణము చేయు పనిని అచ్చట ‘మాయ్’ తరువాతి ‘ద’ చేయుచున్నది. మఱియు, వినువానిని కలుపుకొను ‘మనము’ను, విడిచిపెట్టు ‘మేము’ను తెలుగున వేఱు. మరాఠీయందు ‘ఆపణ్’, ‘ఆమ్హీ’ అను భేదమట్టిదే. పెకింగు ప్రాంతపు చీనాలోను ‘జాన్‌మన్’ అన్నచో మనము. ‘వోమన్’ అన్నచో మేము. లాటిన్ వ్యాకరణమున ఈ భేదమునకు తావే లేదు.

చీనా పండితులు తమ భాషను గూర్చి ఎన్నడును ఆలోచింపలేదను మాట కూడ సరికాదు. వారు మాటలను నిండు మాటలు, ఖాళీ మాటలు అని రెండుగా విభజించిరి. వస్తువును, పనిని చెప్పునవి నిండు మాటలు. వానిని కట్టునవి ఖాళీ మాటలు. 1711లో లియూ చీ యను పండితుడును, 1798లో వాంగ్ యిన్‌జ్రీ యను పండితుడును ఖాళీ మాటలపై గ్రంథములు రచించిరి. ఈ రెండు తెగల నడుమ రాకపోకలు గలవు. కర్మకు ముందు నిలుచు ‘బా’ యను మాట మొదట ‘పట్టుకొను’ అను క్రియ. క్రమముగా అర్థము కరగి, కర్మను గుర్తించు సాధనమైనది. తెలుగున ‘పట్టు’ ధాతువునుండి ‘దానిని బట్టి’ యను ప్రయోగము పుట్టిన తీరును, ‘ఉండి’ యనునది ‘నుండి’ యను విభక్తిగా మారిన తీరును ఇట్టివే. క్రియ అరగి అరగి ప్రత్యయమగుట రెండు భాషలకును తెలిసిన మార్గమే.

ఇక రెండు వ్యాకరణములను ప్రక్కప్రక్కన నిలిపి విమర్శింపవలెను. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. ఫ్రాన్సు దేశమున విద్యనభ్యసించిన మా జియన్‌జుంగ్ అను చీనా పండితుడు తన భాషకు తొలి సమగ్ర వ్యాకరణమనదగిన గ్రంథమును 1898లో ప్రకటించెను. సూరి సంస్కృత వ్యాకరణపు సూత్రపద్ధతిని, మా లాటిన్ వ్యాకరణపు విభాగములను గ్రహించిరి. ఇద్దరును ప్రాచీన గ్రంథములనే లక్ష్యములుగా నెన్నుకొనిరి. ఇద్దరి ప్రతిభయు అసామాన్యము. సూరి సంధులయందును, మా నిపాతములయందును చూపిన సూక్ష్మదృష్టి నేటికిని ఆదరణీయము. ఇద్దరి గ్రంథములయందును వెలితి యొక్కటియే: అంగడిలో, ఇంటిలో, పనిచోట వినబడు వాక్యమునకు అందు స్థానము లేదు. పుస్తకమున లేనిది భాషలోనే లేదను భ్రమ పిమ్మటివారికి కలుగుటకు ఇది కొంత కారణమైనది. తెలుగున గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషకై పోరాడుచున్న కాలముననే, 1917లో, చీనాదేశమున హూ షీ వాడుకభాషా రచనకై ప్రబోధము చేయుట యాదృచ్ఛికము కాదు. రెండు దేశములయందును గ్రంథభాషకును జనవాక్యమునకును నడుమ అగాధము పెరిగియుండెను.

తరువాత కొలబద్దలే మారినవి. చావో యువన్ రెన్ 1968లో ప్రకటించిన వాడుక చీనా వ్యాకరణమున, చీనా వాక్యపు మొదటి భాగము కర్తయే కానక్కఱలేదనియు, దేనిని గూర్చి చెప్పబడునో అది విషయమనియు, తక్కినది దానిపై వ్యాఖ్య యనియు నిరూపించెను. “ఆ తాను, నేను కొంటిని” అను తీరు వాక్యము చీనాకు సహజము, తెలుగునకును సహజమే. తెలుగున చేకూరి రామారావు ‘తెలుగు వాక్యము’ 1975లో వెలువడి, మాటల రూపములనుండి వాక్యపు కట్టడికి దృష్టిని మరల్చినది.

సోలాపురమునకు చీనాతో నున్న ప్రత్యక్ష సంబంధమును ఇచ్చట స్మరింపదగినది. 1910లో ఈ నగరముననే జన్మించిన డాక్టరు ద్వారకానాథ్ కోట్నీస్ 1938లో భారత వైద్యబృందముతో చీనాకు వెడలెను. ఆయన ఆ భాష నేర్చి, ఆ భాషలోనే వైద్యము బోధించి, 1942లో అచ్చటనే కన్నుమూసెను. చీనావారు ఆయనను ‘కె దీహువా’ యనిరి. చీనాను తెలుపు ‘హువా’ యను మాట బృందములోని వైద్యు లందఱి పేర్లను చేరినది. ఆయన కుమారునికి ‘యిన్‌హువా’ యని పేరు: ‘యిన్’ భారతము, ‘హువా’ చీనా. నడుమ ‘యు’ లేదు, ప్రత్యయము లేదు. రెండు మాటలు ప్రక్కప్రక్కన నిలుచుటయే సంబంధమును చెప్పినది. జోడ్‌భావి పేట్ అను పేరును అట్లే. జోడు, బావి, పేట యను మాటలను తెలుగువాడు అందు వెంటనే గుర్తించును. విభక్తి యొక్కటియు లేకయే ఆ మూడును వరుసచేతనే ముడిపడినవి.

ఇప్పుడు నేతవాడ తెలుగుపై మోపబడు ముఖ్యమైన నిందను పరీక్షింపవలెను. పొరుగుభాష తాకుటచే వాక్యపు కట్టడి మారినదనుట ఆ నింద. “ఆయన నేతగాడు” అని తెలుగు క్రియ లేకయే వాక్యమును ముగించును. మరాఠీ ‘ఆహే’ యనియు, ఉర్దూ ‘హై’ యనియు క్రియను చేర్చును. ఆ భాషలతో తరతరములు కలసి బ్రదుకు తెలుగువారి నోట “ఆయన నేతగాడు ఉన్నాడు” అను తీరు వాక్యము వినబడినచో దానిని భ్రష్టమందురు. అయితే చీనా చరిత్ర యేమి చెప్పుచున్నది? ప్రాచీన చీనాలో ఇట్టి వాక్యమునకు క్రియ లేదు. రెండు నామములను నిలిపి, చివర ‘యే’ యను నిపాతమును చేర్చిన చాలును. నేటి చీనాలో నడుమ ‘షి’ యను మాట రావలెను. ఆ ‘షి’ మొదట ‘ఇది’ యను నర్థముగల సర్వనామము; కాలక్రమమున అగుట, ఉండుట యను నర్థమునకు మారినది. క్రియలేని వాక్యమునకు క్రియ వచ్చుట చీనాలో భాషాపరిణామమనబడినప్పుడు, అట్టి మార్పే నేతవాడలో భ్రష్టత యెట్లగును?

పొరుగు ప్రభావమువలన వచ్చిన మార్పు వేఱు, స్వతస్సిద్ధమైన మార్పు వేఱు అను సమాధానము వచ్చును. దానికిని చీనాలోనే ప్రత్యుత్తరము గలదు. గన్సు రాష్ట్రములోని లిన్‌షియా ప్రాంతపు చీనా, టిబెటన్, మంగోల్ భాషావర్గములవారితో కలసి బ్రదుకుటచే క్రియను వాక్యాంతమున నిలుపుటకును, కర్మ వెంట విభక్తివంటి గుర్తును చేర్చుటకును అలవడినది. దక్షిణమున కాంటనీసు మాటాడువాడు ‘నీవు ముందు వెళ్లుము’ అను నర్థమున ‘ముందు’ అను మాటను చివర నిలుపును; పెకింగువాడు క్రియకు ముందు నిలుపును. చీనా యన్న ఒక్క పేరి క్రింద పెక్కు భాషలు, పెక్కు వాక్యపద్ధతులు గలవు. విభక్తులు లేవని నిందింపబడిన భాషయే ఒకచోట విభక్తులను సంపాదించుకొనినది.

సోలాపురమునకు పొరుగుననున్న సాంగ్లీ జిల్లాలోని కుప్‌వాడ్ గ్రామమును జాన్ గంపర్జ్, రాబర్ట్ విల్సన్ అను పండితులు పరిశీలించి 1971లో ఫలితములను ప్రకటించిరి. మరాఠీ, కన్నడము, ఉర్దూ, తెలుగు వినబడు ఆ గ్రామమున, ముఖ్యముగా మొదటి మూడు భాషలను వారు పోల్చి చూచిరి. మాటలు వేఱుగనే యుండగా వాక్యపు కట్టడి మిక్కిలి దగ్గఱైనది. ‘ఇది మీ ఇల్లు’ అనుటకు సామాన్య కన్నడమున క్రియ యక్కఱలేదు. ఆ గ్రామపు కన్నడమున మరాఠీలోవలె చివర క్రియ వచ్చును. అది యొకని నోట జారిన పొరపాటు కాదు, ఊరివారందఱు పాటించు నియమము. ఇంటిభాష పోగొట్టుకొనకయే అంగడిలో ఎదుటివానికి అర్థమగునట్లు మాటాడుటకు ఆ గ్రామస్థులు కనుగొన్న మార్గమది.

దీనినిబట్టి మిశ్రమమైన ప్రతివాక్యమును నియమబద్ధమే యని చెప్పరాదు. తొందరలో తడబడిన మాట తడబాటే. తడబాటునకును నియమమునకును భేదమును తెలుపునది వెనుక చెప్పిన తిరస్కార పరీక్షయే. నేతవాడలోని వృద్ధురాలు మనుమని మాటను విని “అట్లనరాదు” అని దిద్దిన క్షణమున ఆమె వ్యాకరణము చెప్పుచున్నదే. ఆమె యేది దిద్దినది, ఏది విడిచినది యని వ్రాసికొన్నవాడు ఆ తెలుగునకు తొలి సూత్రకారుడగును. మగ్గముకడ, బేరముకడ, పెండ్లి పందిటిలో పలుకబడు వాక్యములను యథాతథముగా సేకరించుట తెలుగు సంఘములకు అసాధ్యమైన పని కాదు. పోగుల పేర్లను, పనిముట్ల పేర్లను సేకరించుటతో అది ముగియరాదు. ఆ పేర్లు వాక్యమున ఎట్లు కట్టబడుచున్నవో అదియు వ్రాయబడవలెను.

ఇందు పండితుల వాదముకంటె పెద్ద విషయ మొకటి గలదు. తన యింటిమాట తప్పని నమ్మిన బిడ్డ దానిని దిద్దుకొనుటకు బదులు విడిచిపెట్టును. విడిచి, ఏ దోషమును ఎంచబడని వేఱు భాషలోనికి వెడలిపోవును. శిష్టభాష నేర్పుట అవసరమే. దానిని రెండవ వాక్యపద్ధతిగా నేర్పవచ్చును. “మీ యింట ఇట్లందురు, గ్రంథమున ఇట్లందురు; రెంటికిని భేదమిది” అని చెప్పిన ఉపాధ్యాయుని యెదుట బిడ్డ తల వంచుకొననక్కఱలేదు. చీనావారు పరుల చట్రములో తమ వాక్యము ఇముడలేదని తెలిసినప్పుడు ఆ వాక్యమును వదలుకొనలేదు, చట్రమును మార్చుకొనిరి. జోడ్‌భావి పేట్ తెలుగును విమర్శింపబూనువారు ముందుగా తమ చేతిలోని కొలబద్ద యెవరిదో చూచుకొని, పిదప ఆ వాడ మాటను వినుట యుక్తము.